కింద లక్షణం, పైన స్వభావం

"ఆ పిల్లది పొగరు కాదటమ్మా, ఏదో ఉందట. అదేమిటో తేల్చడానికి ఆఫీసే పెట్టారట," అని పక్కింటి అత్తయ్య మెట్ల మీద ఎవరితోనో అందట. ఆ ఎవరో ఊరుకోకుండా మోసుకొచ్చి ఆ పిల్ల తల్లి చెవిలో వేసింది.

మనిషిని నిలువునా చీల్చి, ఇది ఆటిజం, ఇది స్వభావం అని రెండు కుప్పలు పోయడం సృష్టించినవాడి వల్ల కాలేదు. సర్కారు ఒక్క ఉత్తర్వుతో చేసి చూపించింది. కింది అంతస్తులో లక్షణాల విభాగం, పై అంతస్తులో స్వభావ విభాగం. (మెట్ల మీద ఉన్నంతసేపూ మనిషి ఎవరి బాధ్యతా కాదు.)

ఆ పిల్లని అందరూ గడియారం అంటారు. పుస్తకాలు కుట్టే షాపులో పనిచేస్తుంది. వేళ తప్పదు, కుట్టు తప్పదు, అబద్ధం రాదు. ఆ పేరు అందుకే పడింది. ఈమధ్య షాపులో కాగితం కోసే కొత్త మిషను దిగింది. అది అరిచినప్పుడల్లా గడియారం చెవులు మూసుకుని కూలబడుతోంది. వెనక గదిలో కూర్చుని కుట్టుకుంటానంది.

"ఆటిజమైతే గది ఇస్తాను. ఉత్త స్వభావమైతే సర్దుకోవాలి, లేదంటే ఇంకో పని చూసుకోవాలి. కాగితం తెచ్చుకో," అన్నాడు యజమాని.

తల్లీకూతుళ్లు ముందు కింది అంతస్తుకి వెళ్లారు. లక్షణాల అధికారి బల్ల మీద స్టాంపులు ఎత్తువారీగా బారులు తీరి ఉన్నాయి. తల్లి సంచి తగిలి ఒకటి పక్కకి జరిగింది. ఆయన మాట మధ్యలో ఆపేసి, దాన్ని దాని చోట నిలబెట్టి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. (అధికారి చేస్తే దీన్ని సర్వీసు అనుభవం అంటారు.)

"వస్తువులు వరసలో లేకపోతే ఓర్చుకోలేదా?"

"ఓర్చుకోలేదండీ," అంది తల్లి.

"లక్షణం. ఉన్నమాట మొహం మీదే అనేస్తుందా?"

"మా అత్తగారి పోలికండీ. ఆవిడా అంతే, ముందూ వెనకా చూడదు."

"వంశంలో ఉంటే స్వభావం. పైకెళ్లండి."

పైన స్వభావాధికారిణి కళ్లజోడు సర్దుకుంది. "ఎప్పట్నుంచి ఇలా?"

"పుట్టిన దగ్గర్నుంచీ."

"అయితే లక్షణం. కిందికెళ్లండి."

సాయంత్రానికి గడియారం పట్టుదల కింద, నవ్వు పైన దాఖలయ్యాయి. తల్లి మీద ప్రేమ మాత్రం పెండింగు.

"అదేంటండీ?" అంది తల్లి బిత్తరపోయి.

"రోజూ ఒకే వేళకి ఫోను చేస్తుందన్నారుగా. ప్రేమో, అలవాటో తేలొద్దూ?"

చివరికి మిగిలింది మిషను గొడవ. దాని కోసం ఇద్దరు అధికారులూ మెట్ల మధ్యలో కలిశారు. చెవులు మూసుకోవడం నాదన్నాడాయన. కూలబడటం నాదందావిడ. పెద్దమనుషులు గనక మధ్యేమార్గం దొరికింది: కుడి చెవికి వెనక గది మంజూరు. ఎడమ చెవి షాపులోనే సర్దుకోవాలి.

గడియారం ఆ కాగితం చదివి, నాలుగు మూలలూ కలిసేలా మడిచి, లక్షణాల అధికారి బల్ల మీద పెట్టేసింది.

"కోపమొచ్చిందా అమ్మా?" అన్నాడు అధికారి, రాసుకోవడానికి కలం తీస్తూ.

"వచ్చింది."

"దేనివల్ల? ఆటిజం వల్లా, స్వభావం వల్లా?"

"మీ వల్ల."