పసుపు చీటీల చదువు

ఆ ఉదయం స్టోర్ కీపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికే ఆఫీసు చేరాలి, పది ఇంగ్లీషు మాటలు వల్లె వేయాలి, పదకొండింటికి ఇంటర్వ్యూ గట్టెక్కాలి. బల్లలూ కుర్చీలూ చేసే ఆ కంపెనీ గోడౌన్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. మేనేజరు కావడానికి అడ్డల్లా ఇంగ్లీషే. అందుకని యాభయ్యో ఏట నడుం బిగించి, రోజుకు పది చొప్పున ఏడాదిలో మూడు వేల మాటలు నేర్చాడు. ఇంట్లో అద్దం మీదా చీటీలే, తలుపు మీదా చీటీలే. నవ్వినవాళ్ళు నవ్వారు గానీ, అంత పట్టుదల వాళ్ళ ఇంటావంటా లేదు.

చదివిన చోటైతేనే చదివింది గుర్తొస్తుందని ఆయన నమ్మకం. అందుకే ఇంటర్వ్యూ గదిలోనే బల్లకూ బీరువాకూ కుర్చీలకూ మాటల చీటీలు అంటించాడు. తెల్ల కాగితాలు అయిపోతే గోడౌన్ పసుపు చీటీలు వాడాడు. అంతలో లారీ వచ్చిందని కిందికి పిలిచారు.

ఆ కంపెనీలో పసుపు చీటీ అంటే ఆజ్ఞ. దాని మీద ఏముంటే కూలీలు అది చేసేస్తారు, ఎందుకని అడగరు. ఆ పద్ధతి పెట్టింది కూడా ఈయనే.

"అమ్మాయ్, ఈ బల్ల మీద ఏం రాశారో కాస్త చూడు," అన్నాడు ఆ గదిలో పసుపు చీటీలు చూసిన కూలీల మేస్త్రీ, టైపిస్టుతో.

ఆమె ఫోన్లో వెతికింది. "ఆబ్సొలీట్. కాలం చెల్లిందట బాబాయ్."

"అయితే తుక్కులోకి. మరి బీరువా?"

"డిస్‌మాంటిల్. ఊడదీయమని."

"కుర్చీల సంగతి?"

"రెలింక్విష్. వదులుకోవాలట."

"బంగారం లాంటి కుర్చీలు! సరే, మనకెందుకులే. లారీలోకి ఎక్కించండ్రా!"

లారీ నిండా కుర్చీలే కాబట్టి స్టోర్ కీపర్‌కు అనుమానం రాలేదు. తాడు బిగువు స్వయంగా చూసి మరీ పంపించాడు.

పదకొండింటికి జనరల్ మేనేజరు బోసిపోయిన గదిలో నిలబడి ఉన్నాడు. బీరువా తలుపులు గోడకు జారగిలబడి ఉన్నాయి.

"వాట్ ఈజ్ దిస్?"

తలుపు మీది పసుపు చీటీ చూడగానే స్టోర్ కీపర్‌కు జరిగిందేమిటో అర్థమైంది. మూడు వేల మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "మై మిస్టేక్ సర్. వన్ అవర్ ప్లీజ్," అని ఒకటే పరుగు. తప్పు మేస్త్రీ మీదికి గానీ టైపిస్టు మీదికి గానీ నెట్టలేదు. ఫోన్ చేసి లారీని వెనక్కి రప్పించాడు, తుక్కులోని బల్లను తనే భుజాన మోసుకొచ్చాడు. నలభై నిమిషాల్లో బీరువాకు ఆఖరి మర బిగించి చెమట తుడుచుకున్నాడు.

"తప్పు నాదే అన్న మనిషిని ఈ కంపెనీలో ఇవాళే చూశానండీ," అన్నాడు జనరల్ మేనేజరు కుర్చీలో కూర్చుంటూ. "ఆ పోస్టు మీదే."

ఆనందం పట్టలేక స్టోర్ కీపర్‌కు పోయిన ఇంగ్లీషంతా తిరిగొచ్చింది. "సర్, యూ ఆర్ మాగ్నానిమస్!"

జనరల్ మేనేజరు గంభీరంగా తలూపి, ఆయన వెళ్ళేదాకా ఆగి, తలుపు వేసుకుని ఆ మాటకు అర్థం వెతికాడు. ఉదార హృదయుడనే తప్ప తిట్టు కాదని తేలాకే ఆర్డరు మీద సంతకం పెట్టాడు.