కంట్రోల్ గ్రూపులో మా పిన్ని

మంత్రిగారూ, మా పిన్నిని పదమూడు నెలలుగా ఏడో అంతస్తులో కూర్చోబెట్టింది మీరే. మంత్రిగారికి గైడుగా ఉన్న ప్రొఫెసరుగారూ, ఇందులో మీ చెయ్యి కూడా ఉంది. తాళంచెవి జేబులో వేసుకుని తిరిగే పీఏగారూ, మిమ్మల్ని వదిలిపెట్టే ఉద్దేశం నాకు లేదు. పత్రికలో రాసేటప్పుడు మర్యాదగా రాయాలన్నారు కాబట్టి మర్యాదగానే రాస్తున్నాను. మీ ముగ్గురూ కలిసి చేసినంత గొప్ప పని ఇంతకుముందు ఎవరూ చేయలేదు.

మొదటినుంచీ చెబుతాను. పోయినేడాది గృహనిర్మాణ శాఖ మంత్రిగారు విలేకరులను పిలిచి ఒక ప్రకటన చేశారు.

"ప్రజలకు ఇళ్ళు కట్టాం. ఇక వాళ్ళ మనసుల్లోకి వెళ్ళాలి. అందుకే నేను సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను."

క్లాసులకు వెళతారా అని ఒక విలేకరి అడిగాడు. పరిశోధకుడికి ప్రజలే క్లాసు అన్నారు మంత్రిగారు. మర్నాటికల్లా ఆ మాట ఊరంతా బ్యానర్లెక్కింది. 'ఎత్తైన భవనాల్లో పౌరుల సంతృప్తి మీద లిఫ్టు ప్రభావం' అనేది పరిశోధనాంశం. వినగానే ఎంత అవసరమైన విషయమో అనిపించింది. లిఫ్టు పనిచేస్తే బాగుంటుందా లేదా అన్నది ఇప్పటిదాకా ఎవరూ శాస్త్రీయంగా తేల్చలేదు.

నేను యూనివర్సిటీ ఎదురు సందులో బైండింగ్ పని చేస్తాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది గానీ నాలుగు వందల పైచిలుకు డాక్టరేట్లకు అట్టలు వేశాను. జిగురు ఆరేలోపు పేజీలు తిరగేయడం అలవాటు. కంట్రోల్ గ్రూపు అంటే ఏమిటో అలాగే నేర్చుకున్నాను. ఒక గుంపుకి మందు ఇస్తారు, ఇంకో గుంపుకి ఇవ్వరు, రెండిటినీ పోల్చి చూస్తారు. ఇవ్వని గుంపు పేరు కంట్రోల్ గ్రూపు. అందులో మేముంటామని మాత్రం ఏ థీసిస్‌లోనూ రాసి లేదు.

మేముండేది ఆ శాఖవారి క్వార్టర్సులోనే. బి బ్లాకు, ఏడో అంతస్తు. మేమంటే నేనూ, నన్ను పెంచిన పిన్నీ. పిన్ని టైలరు. ఆమె షాపు అదే బ్లాకులో కింద, జి-4. బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నడవొచ్చు గానీ మెట్లు మాత్రం ఎక్కడం దిగడం పనికిరాదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆస్పత్రి నుంచి లిఫ్టులోనే పైకి తెచ్చుకున్నాం. నాలుగో రోజున లిఫ్టు ఆగిపోయింది.

మెకానిక్ వచ్చి ఇరవై నిమిషాల్లో బాగు చేశాడు. పనిముట్లు సంచిలో సర్దుకుంటుండగా మంత్రిగారి పీఏగారు కారు దిగారు.

"ఏం చేశావ్?"

"ఒక వైరు కాలింది సార్. మార్చాను."

"ఎందుకు మార్చావ్?"

మెకానిక్ నా వైపు చూశాడు. "పాడైంది గదా సార్" అన్నాడు.

"పాడయ్యే ఉండాలి. ఎ బ్లాకుకి లిఫ్టు ఉంటుంది, బి బ్లాకుకి ఉండదు. ఇది కంట్రోల్ గ్రూపు."

"అయితే మళ్ళీ పాత వైరు వెయ్యమంటారా?"

"ఛ, ఛ. శాఖ ఆస్తిని పాడు చేస్తామా? స్విచ్చి ఆపి పెట్టెకి తాళం వెయ్యి."

తాళం పడింది. చెవి పీఏగారి జేబులోకి వెళ్ళింది. ప్రభుత్వ ఆస్తి మీద ఆయనకున్న శ్రద్ధ చూసి మెకానిక్ అలా నిలబడిపోయాడు.

ఎనభై నాలుగు సంతకాలతో అర్జీ పట్టుకుని నేను మంత్రిగారి ఆఫీసుకి వెళ్ళాను. బల్లమీద సైకాలజీ పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. నలగకూడదని వాటి ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. శిష్యుడు పెద్ద కుర్చీలో, గురువు చిన్న కుర్చీలో కూర్చున్నారు.

"ఏమయ్యా, బాధగా ఉందా?" అన్నారు మంత్రిగారు.

"ఉందండి."

"ఎంత?"

"ఎంతంటే ఏం చెప్పనండీ..."

"ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె చెప్పవయ్యా."

"ఐదండి."

మంత్రిగారు రాసుకోబోయారు. ప్రొఫెసరుగారు ఆపారు. "ఇది చెల్లదు సార్. ఇతను తనంతట తనే వచ్చి చెబుతున్నాడు. మనం వెళ్ళి అడిగితేనే డేటా. అడక్కుండా చెప్పింది ఫిర్యాదవుతుంది."

"చూశావా," అన్నారు మంత్రిగారు నాతో, "నాకే ఇన్ని రూల్సు పెడుతున్నారు."

మా పిన్ని పరిస్థితి చెప్పాను. నెలకోసారైనా తాళం తీస్తే కిందికి దించి ఆస్పత్రికి తీసుకెళతాను, షాపులో ఓ గంట కూర్చోబెడతాను అన్నాను.

"ఒక్కసారి ఎక్కినా మనసు మారిపోతుంది," అన్నారు ప్రొఫెసరుగారు. "అక్కడితో డేటా పాడు."

మంత్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు మాత్రం మనసొప్పుతోందా? కానీ సైన్సయ్యా ఇది. మా వాళ్ళు ఫారాలు పట్టుకుని ఇంటింటికీ వస్తారు. పిన్నిగారి బాధంతా అందులో రాయమను. ఒక్క అక్షరం పోదు."

ఇంటికొచ్చి చెప్పాను. పిన్ని అంతా విని, బట్టల మీద గీతలు గీసే పెన్సిలు పక్కన పెట్టి, మామూలు పెన్సిలు ఒకటి వెతికి చెక్కుకుంది.

"ఫారంలో ఐదు దాకానే ఉంటుందా?"

"అంతే పిన్నీ."

"ఆరు రాస్తే తీసుకోరా?"

"తీసుకోరు."

"సరే, ఐదు మీద గట్టిగా నొక్కి రాస్తాలే."

ఆ రోజు నుంచి కుర్చీ తలుపుకి ఎదురుగా వేసుకుంది. ఒళ్ళో నా పని ఉండేది. షాపుకి వెళ్ళలేదు కాబట్టి థీసిస్‌ల కాగితాలు దారంతో కుట్టిపెట్టేది. నాకంటే ఆమె కుట్టే నయం. మెట్ల మీద చప్పుడైతే చాలు సూది ఆపి తల ఎత్తేది. ఎదురింటివాళ్ళయితే మళ్ళీ కుట్టేది.

"ఇవాళా రాలేదురా."

"వస్తారు పిన్నీ."

"ఏ నాలుగో అంతస్తులోనో ఉండుంటారు. పాపం వాళ్ళకి మాత్రం ఆయాసం రాదూ."

నాలుగో అంతస్తులో నాలుగు నెలలు ఉన్నారు వాళ్ళు, పిన్ని లెక్క ప్రకారం.

ఆ ప్రొఫెసరుగారి దగ్గరే ఒకమ్మాయి ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. రెండు వందల ఇళ్ళు తిరిగింది. చెప్పులు అరిగాయి గానీ నమూనా సరిపోలేదట, మళ్ళీ తిరగమన్నారు. మంత్రిగారు పదమూడు నెలల్లో పూర్తి చేశారు. మేధస్సులో తేడా ఉంటుంది మరి.

వైవా పూర్తయిన రోజునే ఫలితాలు ప్రకటించారు. లిఫ్టు ఉన్న ఎ బ్లాకు సంతృప్తి ఐదుకి రెండు. లేని బి బ్లాకు సంతృప్తి ఐదుకి ఐదు. విలేకరులు నోళ్ళు తెరిచారు.

"లిఫ్టు ఉన్నవాడు దాన్ని తిట్టుకుంటూ బతుకుతున్నాడు," అన్నారు మంత్రిగారు. "ఆగిందంటాడు, ఆలస్యమంటాడు, కంపంటాడు. లేనివాడికి ఏ ఫిర్యాదూ లేదు. ప్రజల అసంతృప్తికి మూలం దొరికింది. వచ్చే సోమవారం ఎ బ్లాకు లిఫ్టు తీసేస్తాం. తర్వాత మిగతావన్నీ."

ఆ సాయంత్రం ఎ బ్లాకు నుంచి ఒక రిటైర్డు మేస్టారు నా షాపుకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మిమ్మల్ని ఎవరు సంతోషంగా ఉండమన్నారయ్యా?"

"మేం లేం మేస్టారూ."

"పేపర్లో వేశారు గదా. మీకు సంతోషం పట్టలేకపోతే మీ ఇళ్ళలో పడి ఉండండి. మా కొంపలెందుకు ముంచుతారు?"

ఆయనది ఆరో అంతస్తు.

మర్నాడు పీఏగారు థీసిస్ తెచ్చారు. ఐదు ప్రతులు. ఎర్ర రెక్సిను అట్ట, బంగారు అక్షరాలు.

"పేరుకి ముందు డాక్టర్ అని పెద్దగా వెయ్యి."

"ఇంకా ఇవ్వలేదు గదా సార్."

"నువ్వు వేస్తే వాళ్ళిస్తారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా ఐదూ యూనివర్సిటీలో అందాలి. లేకపోతే శనివారం స్నాతకోత్సవంలో పట్టా రాదు. కాగితాలు జాగ్రత్త. సంతకాలు చేసిన పరీక్షకులిద్దరూ విమానమెక్కేశారు, ఇవి పోతే మళ్ళీ దొరకవు."

జాగ్రత్తగానే ఇంటికి మోసుకెళ్ళాను. పిన్ని కుట్టడం మొదలుపెట్టింది. చివర అనుబంధం దగ్గర సూది ఆగింది. బి బ్లాకులో జవాబు చెప్పిన నలభై మంది పట్టిక అది.

"జి-1, వాచ్‌మన్. జి-2, మందుల షాపు. జి-3, ఇస్త్రీ," అని చదువుతోంది. "ఒరే, జి-4 నేనే గదరా."

తీసుకుని చూశాను. జి-4. స్త్రీ, టైలరు. లిఫ్టు లేనందువల్ల ఇబ్బంది: లేదు. మొత్తం సంతృప్తి: ఐదు. ఆ తర్వాత జి-5, జి-6. ఆ తర్వాత మళ్ళీ జి-1.

"నేను ఎన్నిసార్లు చెప్పాను?"

లెక్కపెట్టాను. "ఏడుసార్లు పిన్నీ."

"అన్నిసార్లూ ఐదేనా?"

"అన్నిసార్లూ."

పిన్ని ఆ కాగితం తీసుకుని మిగతావాటి కింద సర్దింది. "అయితే నేను బాగానే ఉన్నానన్నమాట," అంది. "ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది." చెక్కి పెట్టుకున్న పెన్సిలు తీసుకెళ్ళి మిషను సొరుగులో పెట్టి, మళ్ళీ వచ్చి మిగతా నాలుగు ప్రతులూ కుట్టింది. ఒక్క కుట్టు వంకర పోలేదు.

పొద్దున్నే కిందికి దిగి, ఫారాలవాళ్ళు అసలు వచ్చారా అని వాచ్‌మన్‌ని అడిగాను.

"వచ్చారన్నా. పీఏగారూ, ఇద్దరు గుమాస్తాలూ. పైకి వెళ్ళాలి, లిఫ్టేదీ అన్నారు గుమాస్తాలు. లేదండీ, అందుకేగా మీరొచ్చింది అన్నాను. మెట్లకేసి చూశారు. కుర్చీలు వెయ్యమన్నారు. రెండు టీలు తాగేసరికి నలభై ఫారాలూ అయిపోయినయ్."

"జి-4 షట్టరు మూసే ఉంది గదా?"

"బోర్డుంది గదన్నా, టైలరని. ఆవిడ ఎలాంటి మనిషని నన్నడిగారు. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందని చెప్పాను." కాస్త ఆగి, "తప్పు చెప్పానా?" అన్నాడు.

"లేదు. నిజమే చెప్పావు."

ఇప్పుడు అసలు విషయం. ఈ పత్రిక శుక్రవారం పొద్దున మీ చేతికి వస్తుంది. మంత్రిగారూ, మీ థీసిస్ సిద్ధంగా ఉంది. ఐదు ప్రతులు, బంగారు అక్షరాలు, పేరుకి ముందు మీరడిగింది. నేను పని ఎగ్గొట్టే మనిషిని కాను. ఏడో అంతస్తులో మా పిన్ని మంచం పక్కన బల్లమీద ఉన్నాయి. కిందికి తేవడానికి నా నడుము ఒప్పుకోవడం లేదు. పిన్ని తేలేదు, డాక్టరు వద్దన్నాడు.

కాబట్టి ఇవాళ ఐదులోపు ఎవరైనా రండి. ప్రొఫెసరుగారైనా సరే, పీఏగారైనా సరే. నూట ఇరవై ఆరు మెట్లు. అంత ఓపిక లేకపోతే తాళంచెవి పీఏగారి జేబులోనే ఉంది, పెట్టె తెరిచి స్విచ్చి వెయ్యండి. వేసిన స్విచ్చి మళ్ళీ ఆపడానికి వీల్లేదు. ఎ బ్లాకు లిఫ్టు జోలికి వెళ్ళడానికీ వీల్లేదు. మీరు పైకొచ్చిన లిఫ్టులోనే పిన్ని కిందికి దిగుతుంది, షాపు తెరవాలి.

వచ్చేటప్పుడు ఖాళీ ఫారం ఒకటి పట్టుకురండి. పెన్సిలు మా దగ్గర ఉంది.