చేసినవాళ్ళ చేతిలోనే పాడే రేడియో

కూతురి సైన్స్ ప్రాజెక్టు తనే చేసిపెట్టినందుకు సూపరింటెండెంట్ వీరభద్రాన్ని స్కూలువాళ్ళు ఏడో తరగతి సి సెక్షన్లో చేర్చుకున్నారు. ఆఫీసులో ఆయన కుర్చీ ఖాళీగా ఉండకూడదు కాబట్టి కూతురు తన్మయిని అక్కడికి పంపారు.

ఇందులో వింతేమీ లేదు. ఇంట్లో చేసిన రేడియో, చేసినవాళ్ళ చేతిలో ఉంటేనే పాడుతుందని అందరికీ తెలుసు. అట్టగొట్టానికి రాగితీగ చుట్టి, ఒక డయోడ్ తగిలించి, ఒక తీగ బట్టల దండేనికీ ఇంకోటి కుళాయికీ కట్టే బుల్లి రేడియో అది. ఎగ్జిబిషన్ రోజు హెడ్మిస్ట్రెస్ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, పిల్లల చేతికి రేడియోలిచ్చి విన్నారు. ముప్పై ఒక్క రేడియోలు కిక్కురుమనలేదు. వెనకాల నిలబడ్డ నాన్నలు పట్టుకోగానే ముప్పై ఒక్కటీ రైతుల కార్యక్రమం అందుకున్నాయి. ఆవిడ రిజిస్టరులో పిల్లల పేర్లు కొట్టేసి నాన్నల పేర్లు రాసుకున్నారు.

వీరభద్రం నిక్కరుకి దర్జీ రెండు యూనిఫాంల గుడ్డ అడిగాడు. యూనిట్ టెస్టులో, డయోడ్ ఎందుకు పెడతారన్న ప్రశ్నకి ఆయన "వీడియోలో పెట్టారు కాబట్టి" అని రాశాడు.

"ఫస్టెవరికొచ్చింది?" అంది భార్య సుగుణ, ప్రోగ్రెస్ కార్డు చూస్తూ.

"పక్కింటి సన్యాసిరావుకి."

"ఆయనా మీ బెంచీలోనేగా కూర్చునేది? ఆయనకొచ్చింది మీకెందుకు రాలేదు?"

రూలు ఒకటే. పిల్ల సొంతంగా రేడియో చేసి శనివారంలోగా పాడిస్తే ఎవరి చోటు వాళ్ళకి ఇచ్చేస్తారు. లేదంటే రిజిస్టరులో పేర్లు ఖాయం. వీరభద్రానికి సర్వీసు ఇంకా నాలుగేళ్ళే ఉంది. పేరు ఖాయమైతే రిటైరయ్యే నాటికి ఇంటర్ ఫస్టియర్లో ఉంటాడు.

"అమ్మలూ, రాగితీగ తెచ్చాను. ఇవాళ కూర్చుంటావా?"

"రేపు చూద్దాం నాన్నా. ఆడిట్ ఉంది."

"పోనీ నేను చుట్టిపెట్టనా?"

"నువ్వు ముట్టుకున్నావంటే ఎనిమిదో తరగతికీ నిన్నే పంపుతారు."

తన్మయి ఆఫీసులో తొందరగానే కుదురుకుంది. మొదటిరోజు ఫైళ్ళన్నీ చదివేస్తే పక్క సీటువాళ్ళు జాలిపడి మందలించారు. మూడో రోజుకి, చదవకుండానే ఫైలు మీద "వచ్చి మాట్లాడండి" అని రాసి వెనక్కి పంపడం వచ్చేసింది. పదకొండింటికి టీ, నాలుగింటికి తలనొప్పి.

శనివారం గంట పర్మిషన్ పెట్టి స్కూలుకొచ్చింది. వెనకాల రేడియో పట్టుకుని అటెండరు అప్పలకొండ. తీగ చుట్లు ఒకదాని పక్కన ఒకటి వెంట్రుక సందు లేకుండా ఉన్నాయి. అది చూసి వీరభద్రం కళ్ళు చెమర్చాయి. పుస్తకాల సంచీ సన్యాసిరావుకి అప్పగించి, చెప్పులేసుకుని రెడీగా నిలబడ్డాడు.

హెడ్మిస్ట్రెస్ రేడియోని తన్మయి చేతిలో పెట్టి విన్నారు. ఏమీ రాలేదు.

"ఎవరు చేశారమ్మా?"

"నేనే దగ్గరుండి చేయించానండీ," అంది తన్మయి.

అప్పలకొండ పట్టుకున్నాడు. పాట మొదలైంది. ఆవిడ రిజిస్టరు తీసి అతని పేరు రాసుకున్నారు. తన్మయి వాచీ చూసుకుని, "అటెండర్ని చేర్చుకున్నట్టు ఒక లెటర్ పంపించండి, ఫైల్లో పెట్టాలి," అని వెళ్ళిపోయింది.

వీరభద్రం చెప్పులు విడిచి బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

"బాబూ, మీ పక్కన నేనెలా కూర్చుంటానండీ?"

"పర్లేదయ్యా, ఇక్కడ అందరూ సమానమే. సోమవారానికి కాలింగ్ బెల్ చేసుకురమ్మన్నారు. నీ పనితనం బాగుంది, రెండు చెయ్యి."

"మూడు," అన్నాడు సన్యాసిరావు, నోట్సులోంచి తలెత్తకుండా.

"అలాగేనండి," అన్నాడు అప్పలకొండ.