చిన్నది చల్లారదు

ఆ రోజు పదకొండు గంటలకు డైరెక్టరు ల్యాబుకు వస్తారు. రెండు సీసాల్లోని పొడి ఆయన ఎదుట బుద్ధిగా ప్రవర్తిస్తే అక్క పరిశోధన సాగుతుంది, లేదంటే మూడేళ్ల చాకిరీ మట్టిపాలే. అందుకే పొద్దున్నే జుట్టు దువ్వుకుంటూ ల్యాబు అసిస్టెంటుకు ఫోన్లో జాగ్రత్తలు చెప్పింది.

"చిన్నదాన్ని మీరు కదపకండి. అది వేడెక్కిందంటే ఓ పట్టాన చల్లారదు. పెద్దది నయం, కాస్త చల్లబడగానే దారికొస్తుంది."

పక్కగదిలో చెల్లెలు వింది. ఆ ఇంట్లో చిన్నది ఆమే, పెద్దది అక్కే.

"నేను చల్లారనా? నువ్వు నయమా? పరాయివాళ్లకు కూడా నా గురించి చెప్పుకోవాలా?"

"నీ గురించి కాదే, పొడి గురించి. డెబ్బై డిగ్రీల దగ్గర దాని గుణం మారి కరెంటును పోనిస్తుంది. చల్లారుస్తుంటే పెద్ద రేణువులు అరవైకల్లా పాత గుణానికి వస్తాయి. చిన్నవి నలభై దాకా మొండికేస్తాయి."

"ఓహో, మొండిదాన్ని కూడానా?"

నిజం తేల్చుకుందామని తల్లి తనే అసిస్టెంటుకు ఫోన్ చేసింది. పాపం, ఆయనకు ఈ గొడవేం తెలుసు?

"అవునమ్మా, చిన్నదాన్ని ఇవాళ పెద్దాయన ముందు పెట్టి వేడెక్కిస్తాం. ఎప్పటికి దారికొస్తుందో ఆయనే చూస్తారు."

తల్లి ఫోన్ పెట్టేసి పెద్దకూతురి వంక పురుగును చూసినట్టు చూసింది. చెల్లెలు అప్పటికే చెప్పులేసుకుని బస్సెక్కేసింది.

అక్క పడుతూ లేస్తూ ల్యాబుకు చేరేసరికి చెల్లెలు బల్ల ముందు నిలబడి ఉంది. ఒక సీసా మీద 'చిన్నది', రెండోదాని మీద 'పెద్దది' అని అక్క దస్తూరీతో చీటీలున్నాయి.

"సీసాకు కూడా నా పేరేనా?" అంటూ చెల్లెలు సీసాలు లాక్కుని, రెండు చీటీలూ పీకి నలిపి పారేసింది.

రెండు పొడులదీ ఒకటే బూడిదరంగు. ఏది ఏదో తయారుచేసిన అక్కకే తెలియదు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా మూడేళ్లూ నాశనం చేశావు. ఇక జన్మలో నీతో మాట్లాడను."

అంతలో డైరెక్టరు రానే వచ్చాడు. "ఇందులో చిన్నదేది?"

"తెలియదు సార్. పొడినే అడుగుదాం," అంది అక్క పళ్లు కొరుకుతూ.

రెండింటికీ కరెంటు కొలిచే మీటర్లు తగిలించి, వేడిచేసి, చల్లారనిచ్చింది. అరవై దగ్గర ఒక మీటరు ముల్లు పడిపోయింది. రెండోది కదల్లేదు. యాభైకీ కదల్లేదు. నలభైకి పడింది.

"చీటీలు తీసేసి, మీకే తెలియకుండా పరీక్ష పెట్టుకున్నారా? ఇంతకన్నా రుజువేం కావాలి? ఇంకో మూడేళ్లు కానివ్వండి," అన్నాడు డైరెక్టరు. "అయినా చిన్నదానికెందుకు అంత మొండితనం?"

"అందులో లోపాలు తక్కువ సార్. లోపం ఉన్నచోటే మార్పు మొదలవుతుంది."

చెల్లెలి ముఖం విప్పారింది. "ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా అక్కా? పద, టీ తాగుదాం."

అక్క పలకలేదు. వారం గడిచినా పలకలేదు. ఎనిమిదో రోజున తల్లి మళ్లీ అసిస్టెంటుకే ఫోన్ చేసి మొరపెట్టుకుంది.

"చిన్నది ఆ పూటే చల్లారింది బాబూ. పెద్దదే ఇంకా దారికి రాలేదు."

"ఎక్కడో చీటీలు తారుమారయ్యాయమ్మా," అన్నాడాయన.