నవాబు సలాం కొట్టిన పాట

జహనుమా బస్తీ పాలవ్యాపారి కొండల్ ఆ రోజు పొద్దున క్యాన్లు కడుగుతూ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇంట్లో ప్రతి గదిలోనూ పాట వినిపించాలి. గదుల్లోనే కాదు, వెనక పశువుల కొట్టంలో కూడా.

కొట్టంలో ఉన్న బర్రెల కోసం కాదు. వాటికి దూరంగా, రెండు గొలుసులతో కట్టి ఉన్న నవాబు కోసం. నవాబు దున్నపోతు. నూనె రాస్తే అద్దంలా మెరుస్తుంది. దీపావళి అయ్యాక జరిగే సదర్ పండుగలో బస్తీ దున్నపోతులన్నీ పూలదండలతో ఊరేగుతాయి. తీన్‌మార్ దరువు మోగగానే ముందుకాళ్లు గాల్లోకి ఎత్తి సలాం చేసిన దున్నదే ఆ ఏడాది పేరంతా. దాన్ని పెంచినవాడు మళ్లీ సదర్ వచ్చేదాకా మీసం దువ్వుకుంటూ తిరగవచ్చు.

నిరుడు నవాబు సలాం చెయ్యలేదు. డప్పుల మధ్య నిలబడి, పక్కనున్న పెద్దమనిషి మెడలోని బంతిపూల దండ తినేసింది. పక్క గల్లీ పురుషోత్తం దున్న మాత్రం చక్కగా లేచి నిలబడింది. అప్పటినుంచి పురుషోత్తం ఎక్కడ ఎదురుపడ్డా అదే పరామర్శ: "కొండలన్నా, నవాబుకు ఆకలి తీరిందా?"

ఈసారి అలా కాకూడదు. రోజూ తెల్లారి తీన్‌మార్ వినిపించాలి, కాళ్లెత్తగానే బెల్లంముక్క పెట్టాలి. పండుగనాటికి దరువు దాని రక్తంలో కలిసిపోవాలి. డప్పులవాళ్లు రోజూ రారు కాబట్టి స్పీకర్ కావాలి. ఇదీ ప్లాను.

ప్లాను విని అతని భార్య ఆండాలు చేతిలోని అట్లకాడ కింద పెట్టింది. "వంటింట్ల టీవీ కావాలని ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న? దున్నపోతుకు పాటలు పెడ్తవు గాని నాకు బొమ్మ పెట్టవా?"

"నీకూ పెడ్త. మా బాపుకూ పెడ్త. పైన కిరాయికుండే సారుకు గూడ పెడ్త. పాట పెట్టినమంటే కిరాయి జర పెంచొచ్చు."

"ఇరవై వేలు దాటిందనుకో, నువ్వు గా కొట్టంలనే పండుకో."

ఇరవై వేలలో నాలుగు చోట్ల పాట, రెండు చోట్ల బొమ్మ. ఈ లెక్క విని భయపడని మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఆండాలు తమ్ముడు బాలరాజ్. ధూల్‌పేటలో ఉంటాడు. వినాయక మండపాలకు సౌండు కిరాయికిస్తాడు. నిమజ్జనం అయిపోయింది కనుక సామానంతా ఖాళీగా ఉంది. మర్నాడే ఆటోలో దిగాడు. విగ్రహాల రంగులు చింది గులాబీ చుక్కలు పడ్డ స్పీకర్లు, ఒక పాత యాంప్లిఫయర్, రెండు సెకండ్‌హ్యాండ్ టీవీలు తెచ్చాడు.

వైర్లు లాగుతూ బాలరాజ్ ఒక్క మాట అడిగాడు. "బావా, రూముకో స్విచ్ పెడ్తే ఏ రూముల ఏది కావాల్నంటే అది వస్తది. కాని దాని ఖర్చు వేరే."

"పెట్టకపోతే?"

"ఒకటి మోగితే అన్ని రూములల్ల అదే మోగుతది."

"ఇల్లొకటే గదా. పాట గూడ ఒకటే చాలు, పో."

కొండల్ తన జీవితంలో చేసిన పొదుపుల్లో అంత ఖరీదైనది మరొకటి లేదు.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే కొట్టంలో తీన్‌మార్ మోగింది. కొట్టంలోనే కాదు. ముందు గదిలో కొండల్ తండ్రి బాపు తలవైపున మోగింది. వంటింట్లో గిన్నెల మధ్య మోగింది. మేడమీద అద్దెకుంటున్న శ్రీరామమూర్తి మంచం పక్కన కూడా మోగింది. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఆ ఉద్యోగి కళ్లజోడు ఒక చెవికి వేలాడుతుండగా మెట్లు దిగి వచ్చాడు.

"కొండల్ గారూ! నేనడిగింది సుప్రభాతమండీ!"

"అది గూడ వస్తది సారూ, దీని తర్వాత. జర సదర్ అయ్యేదాంక ఓపిక పట్టున్రి. పొద్దుగాల లేస్తే ఒంటికి మంచిది."

"లేవడమా? ఎగిరి పడ్డానండీ. అద్దె పెంచుతానన్నది దీనికేనా?"

కొండల్ అతని మాట సరిగా వినలేదు. అతని కళ్లు కొట్టం వైపున్నాయి. అక్కడ నవాబు ముందుకాళ్లు గాల్లో ఉన్నాయి! కొండల్ పరుగెత్తి బెల్లం పెట్టాడు. మర్నాడు తెల్లవారి కూడా లేచింది. పురుషోత్తం ముఖం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ కొండల్ ఆ రోజు పాలలో నీళ్లు కలపడం కూడా మరిచిపోయాడు.

తర్వాత స్పీకర్లలో 'గుయ్' మనే రొద మొదలైంది. బాలరాజ్ వచ్చి ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడానికి పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తీన్‌మార్ మోగిస్తూ కూర్చున్నాడు. కొండల్ పాలు పొయ్యడానికి పోయాడు. నవాబు లేచి బాలరాజ్ చేతివైపు చూసింది. ఆ చేతిలో టెస్టర్ ఉంది, బెల్లం లేదు. మళ్లీ లేచి మళ్లీ చూసింది. ఆ తర్వాత పడుకుంది. రొద పోయింది. దాంతోపాటు తీన్‌మార్ మీద నవాబుకున్న నమ్మకం కూడా పోయింది.

ఇక తెల్లవారి ఎంత మోగినా నవాబు చెవి కూడా కదపలేదు. కొండల్‌కు దిగులు పట్టుకుంది.

"సౌండు సాల్తలేదు బావా," అన్నాడు బాలరాజ్. "మండపాలకు పెట్టే పెద్ద డబ్బా ఒకటున్నది. తేవాల్నా?"

తెచ్చాడు. బీరువా అంత ఉంది. ఖర్చు ఇరవై వేలు దాటింది. రాత్రి కొండల్ బొంత, దిండు కొట్టంలో కనిపించాయి.

మర్నాడు పెద్ద డబ్బా మోగేసరికి గల్లీ మొత్తం లేచింది. మొదట వచ్చింది విమలాదేవి. ఎదురింటి పెద్దావిడ. చేతిలో దండ, కళ్లలో నీళ్లు. పండు వయసులో పోయినవాళ్లను ఆ బస్తీలో డప్పులతోనే సాగనంపుతారు.

"అయ్యో కొండల్! బాపు ఎప్పుడు పోయిండు బిడ్డా?"

గడపలో మంచం మీద కూర్చుని పళ్లు తోముకుంటున్న బాపు వేపపుల్ల తీశాడు. "నేను యాడికి పోలే. వచ్చినవ్ గదా, చాయ్ తాగి పో."

విమలాదేవి కళ్లు తుడుచుకుంది. దండ ఎలాగూ కొన్నది కనుక ఆయన మెడలోనే వేసి చాయ్‌కి కూర్చుంది. ఆవిడ వెనకే పెళ్లి ఎవరిదని అడుగుతూ ఇద్దరొచ్చారు. వాళ్ల వెనక బస్తీ డప్పులవాళ్లు, అదీ కోపంగా వచ్చారు. "మేం బతికే ఉన్నం గదన్నా! డబ్బాల దరువు పెట్టి మా పొట్ట కొడ్తవా?" వాళ్లను శాంతపరచడానికి కొండల్ సదర్‌కు వాళ్లనే మాట్లాడుకుని అప్పటికప్పుడే బయానా ఇవ్వాల్సి వచ్చింది. ఈ లొల్లి జరుగుతున్నంతసేపూ నవాబు నిద్రపోయింది.

పశువుల డాక్టర్‌ను పిలిచాడు. "దీనికేం రోగం లేదు. కడుపు నిండా తింటోంది," అని ఆయన వెళ్లిపోయాడు. దిష్టి తీయించాడు. లాభం లేదు.

ఇంతకీ కొండల్‌కు తెలియని సంగతి ఒకటి రోజూ అతని ఇంట్లోనే జరుగుతోంది. సాయంత్రం అతను పాలు పొయ్యడానికి వెళ్లాక, ఏడు గంటలకు టీవీలో సీరియల్ వస్తుంది. బాపు ముందు గదిలో, ఆండాలు వంటింట్లో చూస్తారు. మొదట ఒక ఆడగొంతు ఏడుస్తున్నట్టు పాట పాడుతుంది. ఆ పాట అయ్యేలోపే నవాబుకు దాణా పెట్టేసి రావాలని ఆండాలు బకెట్ పట్టుకుని పరుగెత్తుతుంది. దాణా మీద బెల్లంముక్క వేస్తుంది. స్విచ్‌లు లేవు కనుక పాట కొట్టంలోనూ మోగుతుంది. కొన్నాళ్లకు పాట ఎత్తుకోగానే నవాబు లేచి నిలబడటం మొదలుపెట్టింది.

ఆండాలు దాచలేదు. "నవాబు రోజు పొద్దుమీకి లేస్తుండు. నువ్వే చూస్తలేవు," అని చెప్పింది.

"ఊకె నన్ను ఓదార్చకు ఆండాలూ," అన్నాడు కొండల్ నీరసంగా. "నా పరేషాన్ల నేనున్న."

సదర్ రానే వచ్చింది. కొమ్ములకు రంగు, మెడలో దండలు, కాళ్లకు గజ్జెలు. నవాబు నిజంగా నవాబులాగే ఉంది. బాలరాజ్ పెద్ద డబ్బాను వీధివైపు తిప్పి తీన్‌మార్ పెట్టాడు. దానికి తోడు బయానా తీసుకున్న డప్పులవాళ్లు. పొద్దుగూకాక ఊరేగింపు కొండల్ ఇంటిముందు ఆగింది. ముందుగా పురుషోత్తం దున్న లేచింది. జనం ఈలలు వేశారు.

ఇక నవాబు వంతు. డప్పులు హోరెత్తాయి. నవాబు నెమరు వేసింది.

కొండల్ దాని చెవిలో బతిమాలాడు. "లేరా బిడ్డా. ఒక్కసారి. నా ఇజ్జత్ నీ కాళ్లల్ల ఉన్నది." నవాబు అతని వైపు దయగా చూసి నెమరు కొనసాగించింది.

"దండలేస్కున్నోళ్లు జర దూరం జరుగున్రి!" అని అరిచాడు పురుషోత్తం. "నవాబు సాబ్‌కు ఆకలైతున్నట్టున్నది!" వీధంతా నవ్వింది. కొండల్ తలపాగా సర్దుకునే మిషతో ముఖం దాచుకున్నాడు. ఇక ఇంటికి తోలుకుపోవడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడు పెద్ద డబ్బాలో తీన్‌మార్ ఆగిపోయింది. దాని స్థానంలో ఒక ఆడగొంతు వీధి పొడుగునా ఏడవడం మొదలుపెట్టింది. డప్పులవాళ్లు పుల్లలు గాల్లోనే ఆపేసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కొండల్ కిటికీవైపు తిరిగి కేక వేశాడు. "బాపూ! టీవీ బంద్ చెయ్! ఇయ్యాల గూడ సీరియలేంది?"

"నిన్న గా పిల్లకు అసలు సంగతి తెల్సింది," లోపలినుంచి బాపు గొంతు నిదానంగా వచ్చింది. "ఇయ్యాల చూడకుంటే ఎట్లరా?"

కొండల్ లోపలికి పరుగెత్తబోయాడు. చేతిలోని గొలుసు గట్టిగా లాగింది. వెనక్కి తిరిగి చూశాడు.

నవాబు లేచింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. ముందుకాళ్లు పురుషోత్తం తలకంటే పైన ఉన్నాయి. దిగి, ఇంటి గుమ్మంవైపు ఒకసారి చూసి, మళ్లీ లేచింది. గుమ్మంలో ఆడవాళ్ల మధ్య నిలబడ్డ ఆండాలు, "అయ్యో, బకెట్!" అంటూ లోపలికి పరుగెత్తింది. నవాబు మూడోసారి లేచింది. ఈలలతో గల్లీ దద్దరిల్లింది. డప్పులవాళ్లలో పెద్దాయన తేరుకుని, ఆ ఏడుపు పాటకే దరువు కట్టేశాడు.

పురుషోత్తం దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఏం పాటన్నా అది? యాడ దొరుకుతది?"

"మా ఇంటి పాట," అన్నాడు కొండల్ మీసం దువ్వుకుంటూ.

"ఏడు గంటల సీరియలండీ!" అని మేడమీద నుంచి శ్రీరామమూర్తి ఉత్సాహంగా అరిచాడు. "మా గదిలోనూ వస్తుంది. బావుంటుందండీ!"

రాత్రి అన్నం పెడుతున్నప్పుడు కొండల్ నెమ్మదిగా అడిగాడు. "నీకు ముందుగాల్నే తెల్సు గదా?"

"చెప్తే నువ్విన్నవా?" అంది ఆండాలు ఇంకో గరిటె ముద్దపప్పు వడ్డిస్తూ. "దున్నపోతు ఇన్నది."

బొంత, దిండు ఇంట్లోకి వచ్చేశాయి. అద్దె పెరగలేదు. మరో వారానికి బాలరాజ్ రూముకో స్విచ్ చొప్పున ఉచితంగా పట్టుకొస్తే, "ముట్టినవంటే మంచిగుండదు, తీస్కపో," అని కొండల్ గుమ్మంలోంచే తిప్పి పంపాడు. ఇప్పుడతను సాయంత్రం పాలు తొందరగా పోసి, ఏడయ్యేసరికి టీవీ ముందుంటాడు.

ఆ సీరియల్ ఈ నెలాఖరుకు అయిపోతుందని టీవీలో చెప్పినప్పుడల్లా, నవాబు చెవిన పడకుండా బాపు గబుక్కున సౌండు తగ్గిస్తున్నాడు.