ఆగమనే హక్కు ఒక్కరిదే

ఆ రోజు పొద్దున్నే మూడో తరగతి టీచరు వంటింటి మధ్యలో చేతులు రెండూ ఒంటికి అతికించుకుని నిలబడి, ఏదైనా పని చెప్పమని భర్తని అడిగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇలాంటి అవకాశం ఎప్పుడూ రాని ఆ పెద్దమనిషి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"టీ పెట్టు," అన్నాడు.

"నేను రోబోని. టీ పెట్టడం నాకు రాదు. ఒక్కో అడుగూ చెప్పండి."

"సరే, గిన్నె తీసుకో."

"ఎక్కడుంది?"

ఆయన నాలుగు వైపులా చూశాడు. గిన్నె ఎక్కడుంటుందో ఆయనకి తెలియదు. పంచదార డబ్బా ఏదో కూడా తెలియదు. చివరికి ఆయనే వెతికి, ఆయనే కాచి, గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాడు. రోబో బాగానే పనిచేస్తుందని టీచరుకి నమ్మకం కుదిరింది.

చిన్న తరగతులకి కూడా కోడింగ్ నేర్పాలని ఆ ఏడాదే బడికి ఉత్తర్వు వచ్చింది. పిల్లలు ముప్పై ఎనిమిది మంది. కంప్యూటర్లు మూడు, వాటిలో ప్రాణమున్నది ఒకటి. యంత్రానికి సొంత తెలివి ఉండదనీ, చెప్పింది చెప్పినట్టే చేస్తుందనీ, ఆగమనే దాకా ఆగదనీ టీచరుకిచ్చిన పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. ఈ మాత్రం దానికి కంప్యూటరెందుకు, నేను చాలనా అనుకుంది ఆవిడ.

అయితే ఆవిడ అసలు బెంగ కోడింగ్ గురించి కాదు, మూడో బెంచీ చివర కూర్చునే పాప గురించి. నాలుగు నెలల క్రితం వేరే బడి నుంచి వచ్చి చేరింది. లెక్కలు చకచకా చేస్తుంది, అక్షరాలు గుండ్రంగా రాస్తుంది, నోరు మాత్రం విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. బతిమాలినా, బిస్కెట్లిచ్చినా, పిల్లలంతా చుట్టూ చేరి "మాట్లాడు, మాట్లాడు" అని ఊదరగొట్టినా అంతే. నిన్న సాయంత్రం పెద్దమేడం, అంటే హెడ్మిస్ట్రెస్ గారు, సంగతి తేల్చేశారు.

"నోటిపరీక్షలో ఒక్క ముక్క చెప్పని పిల్లని మూడులో ఎలా ఉంచనమ్మా? రేపటిలోగా మాట్లాడకపోతే సోమవారం నుంచి రెండో తరగతిలో కూర్చోబెట్టండి."

టీచరు గట్టిగానే వాదించింది. ఎంత గట్టిగా అంటే, గుమ్మం బయట ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ అటెండరు లోపలికి రావడానికి జంకాడు. వినడానికి మాత్రం జంకలేదు.

అందుకే ఇవాళ టీచరు పిల్లలందరికీ అట్టముక్కలు పంచింది. కొందరికి "ముందుకు నడు", కొందరికి "కుడికి తిరుగు", మిగిలినవాళ్ళకి "ఎడమకి తిరుగు". ఒక్క అట్ట మీద మాత్రం "ఆగు" అని ఉంది. అది తీసుకెళ్ళి పాప చేతిలో పెట్టింది.

"ఇది నీ ఒక్కదాని దగ్గరే ఉంది. ఇంకెవరు చెప్పినా రోబో ఆగదు. ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం," అంది. తర్వాత అందరివైపూ తిరిగి, "రోబో మాట్లాడదు. రోబోకి 'అండి'లు కూడా అక్కర్లేదు," అని చెప్పి చేతులు ఒంటికి అతికించుకుంది.

టీచర్ని "నడు" అనొచ్చని తెలిశాక తరగతి గది ఒక్క క్షణం నోరెళ్ళబెట్టింది. క్లాసు లీడరు గొంతు సవరించుకుని, "ముందుకు నడు," అన్నాడు. టీచరు నడిచింది. గోడ దగ్గర పడుతుండగా నలుగురు "కుడికి తిరుగు" అని అరిచారు. కుడివైపు తలుపుంది. టీచరు తలుపు దాటి వరండాలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడంటుంది పాప అనుకుంది టీచరు. పాప అనలేదు. అట్ట గుండెలకి హత్తుకుని, మిగతా పిల్లలతోపాటు వరసలో వెనకే నడిచింది.

వరండాలో అటెండరు ఎదురయ్యాడు. "ఎక్కడికి మేడం?" అన్నాడు. రోబో పలకలేదు. కళ్ళు కూడా తిప్పలేదు. నిన్నటి వాదన అతను చెవులారా విన్నాడు. మూడో తరగతి మేడం బడి వదిలేసి, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పోతున్నారని అతనికి అర్థమైంది. ఫైళ్ళు కిటికీలో పెట్టి పెద్దమేడం గదివైపు పరిగెత్తాడు.

అతను పరిగెత్తడం ఆటస్థలం నుంచి డ్రిల్లు మాస్టారు చూశారు. మంటలు లేస్తే బడి ఎలా ఖాళీ చెయ్యాలో సాధన చేయిద్దామని ఆయన రెండేళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. ఒక పక్క అటెండరు పరుగు, ఇంకో పక్క వరసగా బయటికొస్తున్న మూడో తరగతి. తనకి చెప్పకుండా తన సాధన మొదలెట్టేశారని ఆయనకి ముందు బాధ కలిగింది, తర్వాత కర్తవ్యం గుర్తొచ్చింది. విజిల్ నోట్లో పెట్టుకుని ఊదారు. అయిదు నిమిషాల్లో బడి మొత్తం ఆటస్థలంలో ఉంది. రెండో తరగతి పిల్లలయితే ఇవాళ్టికి సెలవేననుకుని సంచులు కూడా తెచ్చుకున్నారు.

ఆ గుంపు మధ్యలోంచి టీచరు నడుస్తూనే ఉంది. కాళ్ళు పీకుతున్నాయి. ఒక్కసారి ఆగిపోదామా అనిపించింది. కానీ ఇప్పుడు తనంతట తనే ఆగితే, నీ మాటతో పని లేదని పాపతో చెప్పినట్టే. నాలుగు నెలలుగా లోకమంతా ఆ పిల్లకి చెబుతున్నది అదే. టీచరు నడిచింది.

పెద్దమేడం కళ్ళజోడు సర్దుకుంటూ పరుగున వచ్చారు. "ఆగండమ్మా, ఏమిటిది?"

టీచరు ఆగలేదు. పెద్దమేడం ఆవిడ పక్కన నడిచారు. అలా నడిస్తే మొహం కనబడటం లేదని ముందుకెళ్ళి, ఎదురుగా వెనక్కి అడుగులేస్తూ మాట్లాడటం మొదలెట్టారు.

"ఇంతమంది ముందు ఇదేం పనమ్మా? ఇరవై రెండేళ్ళ సర్వీసు ఇలా వదులుకుంటారా? సరే, నాదే తప్పు. ఆ పిల్లని మూడులోనే ఉంచుదాం. సరేనా? ఒక్క మాట మాట్లాడండి."

కావలసింది అడక్కుండానే చేతికొచ్చింది. ఇంకెవరైనా అయితే అక్కడే ఆగి చేతులు జోడించేవాళ్ళు. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నడిచింది. ఆ కన్నీళ్ళు చూసి పెద్దమేడం మరింత కంగారుపడి, మరింత వేగంగా వెనక్కి నడిచారు. ఆవిడ వెనక పది అడుగుల్లో కుళాయి, దాని కింద పొద్దుటి నుంచి చేరిన బురద.

"పెద్దమేడం, వెనక బురదుంది."

సన్నటి గొంతు, కానీ స్పష్టంగా వినబడింది. మూడో తరగతి మొత్తం పాపవైపు తల తిప్పింది. పెద్దమేడం ఆశ్చర్యంతో ఉన్నచోటే ఆగిపోయారు. రోబోని మాత్రం ఎవరూ ఆగమనలేదు. టీచరు తిన్నగా వెళ్ళి పెద్దమేడాన్ని ఢీకొట్టింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, నాలుగడుగులు తూలి, చీలమండల దాకా బురదలో దిగబడ్డారు. అక్కడ కూడా టీచరు కాళ్ళు ఆడిస్తూనే ఉంది.

పాప గట్టు దాకా వచ్చింది. అట్ట పైకెత్తి చూపించింది.

"ఆగు," అంది.

టీచరు ఆగింది. ఏడ్చింది కూడా, ఈసారి దాచుకోకుండా. లీడరు గబగబా సంగతంతా పెద్దమేడానికి చెప్పేశాడు. అంతా విని ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పాపవైపు వంగారు.

"ఆ మాటేదో వరండాలోనే అనుంటే సరిపోయేది కదమ్మా. ఎందుకనలేదు?"

పాప కాస్త ఆలోచించింది. "అందరూ ఎప్పుడూ మాట్లాడు, మాట్లాడు అంటారు. టీచరేమో నీ ఇష్టం అన్నారు. అదే మొదటిసారి. వెంటనే చెప్పేస్తే అయిపోతుంది కదా."

ముప్పై ఏళ్ళ సర్వీసులో పెద్దమేడం ఎంతమందిని మాట్లాడమన్నారో, ఎంతమందిని నోరు మూసుకోమన్నారో లెక్కలేదు. నీ ఇష్టం అన్నట్టు మాత్రం గుర్తు లేదు. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. దాన్ని అక్కడే వదిలేసి, రెండోది కూడా విప్పేసి, గట్టెక్కి, చేతులు ఒంటికి అతికించుకుని నిలబడ్డారు.

"మరి నన్ను నా గదికి ఎవరు తీసుకెళ్తారు?" అన్నారు పాపతో.

పాప టీచరువైపు చూసింది. టీచరు తల ఊపింది. లీడరు తన అట్ట తెచ్చి పాప చేతిలో పెట్టాడు.

"ముందుకు నడు," అంది పాప.

పెద్దమేడం కనుబొమలు ఒకసారి పైకి లేచి, మళ్ళీ కిందికి దిగాయి. ఆవిడ నడిచారు. డ్రిల్లు మాస్టారు విజిల్ తీసి జేబులో పెట్టుకుని దారిచ్చారు. గది రానే వచ్చింది, దాటిపోయింది కూడా. వరండా చివరిదాకా వెళ్ళాక "కుడికి తిరుగు" వినబడింది, ఆ తర్వాత ఇంకోసారి. రెండో చుట్టుకి చిన్న తరగతులు చప్పట్లు కొట్టాయి. మూడో చుట్టుకి అటెండరు మంచినీళ్ళ గ్లాసుతో పక్కనే నడవడం మొదలెట్టాడు.

పాపకి మాత్రం తొందరేమీ లేదు.