రెట్టింపు పంటకు నీళ్లు మోసిన కాటమ్మ

ఒక పెద్ద అడవిలో చట్టాలకు ఏ లోటూ లేదు. గడ్డికి మాత్రం ఏటేటా లోటు పెరుగుతోంది.

కారణం కోరలయ్య. ఈ అడవిపంది తన బలగంతో కలిసి ముట్టెలతో నేల దున్ని మొక్కజొన్న వేసేవాడు. దున్నిన ప్రతిసారీ పక్కనున్న మేతబీడులోకి నాలుగు బారలు జరిగేవాడు. ఆ బీడు మీదే బతికే గేదెల మందకు పెద్దదిక్కు కాటమ్మ. ఈ ఏడు దూడలకు కూడా కడుపునిండా మేత దొరక్కపోయేసరికి ఆమె అడవి సభకెక్కింది.

సభాధ్యక్షుడు ఏనుగు. ఆయన ఆలోచిస్తున్నాడో, కునుకు తీస్తున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. పనంతా నడిపేది వ్యవసాయ కార్యదర్శి నక్క.

"తప్పు పందులది కాదు కాటమ్మగారూ, దిగుబడిది," అన్నాడు నక్క. "ఉన్న పొలంలోనే రెట్టింపు పండితే వాళ్లకు మీ బీడెందుకు? కలుపుకున్నది కూడా తిరిగిచ్చేస్తారు. మీరు చేయాల్సిందల్లా మంద పేడంతా ఆ పొలానికి తోలడం, ఏటి నీళ్లు మోయడం."

"రాసిస్తారా?"

"అయ్యో, నా మాట మీద నమ్మకం లేదా?" అని నక్క నొచ్చుకున్నాడు. ఏనుగు తల ఊపాడు. తీర్మానం నెగ్గింది.

నీళ్లు మోసి మోసి కాటమ్మ వీపు పుండైంది. పేడ పడక బీడు పలచబడింది. పొలం మాత్రం రెండు పంట కార్లూ విరగపండింది.

"ఇక మా నేల వదిలెయ్ నాయనా," అంది కాటమ్మ కోరలయ్యతో.

కోరలయ్య చెవులు మూసుకున్నాడు. "అంత మాటనకు అత్తా! ఎకరం ఇంత పండుతుందని తెలిశాక గడ్డికి వదిలేస్తే పాపం కాదూ? అయినా గడ్డి పెరిగితే ఏం లాభం? మీరు తినేస్తారు!"

మర్నాడే మిగిలిన బీడూ దున్నేశారు. పేడ కోసం గేదెలను కంచె వేసిన దొడ్డిలో పెట్టి, వాటి ముందు మొక్కజొన్న పోశారు. "ఇక మీకు తిరిగే శ్రమ లేదు!" అని నక్క ఉపన్యాసమిచ్చాడు. గింజలు తిన్న చిన్నదూడ కడుపుబ్బి మూలిగింది. దాని పొట్ట నాకుతూ కాటమ్మ, "నేను మోసిన నీళ్లతో పండినవే ఇవి," అనుకుని కుమిలిపోయింది.

కొన్నాళ్లకు పందులకు లెక్క తెలిసింది. బీడు దున్ని పండించిన గింజలు, బీడు పోగొట్టుకున్న గేదెల మేతకే చాలడం లేదు!

"ఇంకొంచెం నేల కావాలి," అన్నాడు కోరలయ్య సభలో. దున్నడానికి మిగిలింది పొదల గుట్ట ఒక్కటే. నక్క బొరియ ఆ గుట్టలోనే ఉంది. ఏనుగు తల ఊపాడు.

నక్క అర్జీ పట్టుకుని దొడ్డికి పరుగెత్తుకొచ్చాడు. "ఘోరం కాటమ్మగారూ! దీని మీద ఒక్క గిట్ట ముద్ర వేయండి."

"ఎందుకు కార్యదర్శిగారూ? మీ గుట్ట రెట్టింపు పండదా ఏం?"

అలా అని ఆమె కొమ్ములతో కంచె పెకలించింది. చిన్నదూడను ముందు నడిపించుకుంటూ, మందతో ఏరు దాటేసింది. అవతలి ఒడ్డున గడ్డి ఉంది. కార్యదర్శి ఇంకా లేడు.

పేడ లేని పొలం మరుసటి కారుకే చతికిలబడింది.

నీతి: మీ బీడు మీకు మిగలాలంటే, పక్కవాడి పొలం బాగా పండకుండా చూసుకోండి.